పరీక్షించకుండా పెట్టిన ఒకే ఒక్క సంతకం

మా పై అంతస్తులో ఉండే అమ్మాయికి పోయిన వారం మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. స్వీట్ల పెట్టెతో పాటు, చేరే రోజున పట్టుకెళ్ళాల్సిన వాటి జాబితా కూడా తెచ్చి చూపించింది. పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు, నాలుగు ఫోటోలు, ఆధార్ నకలు. ఆ కింద, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి.

ఇదెందుకమ్మా అని అడిగాను. రెండేళ్ళు మానకూడదని బాండ్ ఉంది కదా అంకుల్, అందరూ ఇస్తారట అంది, ఫోటోల గురించి చెప్పినంత తేలిగ్గా.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఒక మనిషి గుర్తొచ్చింది. అప్పుడు నవ్వొచ్చింది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఆ మనిషి సంగతంతా చెప్పాను. ఒక్కరికి చెబితే చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తానని అప్పట్లో ఒకసారి అంటే ఆమె ఒప్పుకోలేదు. "పేరు రాస్తే నా గురించి మాట్లాడుకుంటరు సార్. చెక్కు గురించి మాట్లాడుకోరు" అంది.

ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం ఆమె వృత్తి. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటులోనే నాలుగేళ్ళు కిరాయికి ఉంది. నలభైకి దగ్గర పడిన పొట్టి మనిషి, నూలు చీర, కాళ్ళకు పరుగుపందెం బూట్లు. కొత్త పెన్ను తీసుకుంటే ముందు అరచేతి మీద గీసి చూసుకునేది. ఆమె చేతిలో ఎప్పుడూ నాలుగు రంగుల గీతలు ఉండేవి.

మొదటిసారి ఆమెను చూసింది మా లిఫ్టులో. తలుపు మూసుకుంటుండగా గొడుగు అడ్డం పెట్టింది. తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంటుంటే ఈసారి గొడుగు కొన మాత్రమే, నేలకు జానెడు ఎత్తులో పెట్టింది. తలుపు ఆగలేదు, కొనను నొక్కేసింది. ఏం చేస్తున్నారండీ అని కొంచెం విసుగ్గానే అడిగాను. "పెద్దోళ్ళు అడ్డమొస్తే ఆగుతున్నది సార్, పాకే పిల్లలొస్తే ఆగుతలేదు" అంది. ఆ సాయంత్రం సంఘం కార్యదర్శికి కాగితం వెళ్ళింది. అందులో మూడు గడులు: చేసింది, జరగాల్సింది, జరిగింది. తిట్టు లేదు, ఫిర్యాదు లేదు. నాలుగు రోజుల్లో లిఫ్టుకు కొత్త సెన్సారు పెట్టారు. వాచ్‌మన్ మాత్రం ఆమె కనిపిస్తే చాలు, మేడమ్ ఇయ్యాల ఏం చెడగొడ్తరు అని వేళాకోళం చేసేవాడు. చెడగొట్టను, చెడిపోయింది చూపిస్త అనేది.

ఆదివారాలు మా క్లబ్ హౌసులో నేను చర్చా సమావేశాలు నడిపేవాణ్ణి. మూఢనమ్మకాల మీద, చట్టాల మీద, పంతుళ్ళ మీద, పార్టీల మీద. వచ్చేది పదిహేను మంది, అందులో ఆరుగురు చాయ్ కోసం. ఆమె వచ్చిన మొదటి ఆదివారం ఒక వాస్తు పండితుడు కూడా వచ్చాడు. ఈశాన్యం మూల బరువు పెడితే ఇంట్లో ఉద్యోగాలు నిలవవని వాదించాడు. నేను గొంతు పెంచి యుద్ధానికి దిగాను. ఆమె చెయ్యెత్తి ఒక్కటే అడిగింది, ఇది తప్పని తేలాలంటే ఏం జరగాలె అని. ఆయన అది తప్పయ్యే ప్రశ్నే లేదన్నాడు. "అయితే దీన్ని టెస్ట్ చేయలేం. టెస్ట్ చేయలేని దానికి నేను సంతకం పెట్టను" అని కూర్చుంది. ముప్పయ్యేళ్ళుగా నేను అరిచి చెబుతున్న మాట ఇది. ఆమె అరవకుండా చెప్పింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనే ముందు.

ఆ సంబరం పావుగంట కూడా నిలవలేదు. నా ముగింపు ప్రసంగంలో, మన రాజ్యాంగం ముందు కూలీ అయినా కోటీశ్వరుడైనా ఒక్కటే అని నా అలవాటు చొప్పున బల్ల గుద్దాను. వెనక నుంచి అదే గొంతు. "సార్, మీరు టెస్ట్ చేసిన్రా?"

సభ అంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళాక అర్థమైంది, నేను చేయలేదు. పుస్తకంలో చదివి నమ్మాను. ఆ పరీక్ష ఆమే చేయాల్సి వస్తుందని అప్పటికి ఆమెకూ తెలియదు.

ఆమె పనిచేసింది మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో. వాళ్ళు మందుల దుకాణాలకు ఒక యాప్ తయారు చేస్తున్నారు. పిల్లల బరువు చెబితే మందు మోతాదు చెబుతుంది. ఆమె అన్నిటినీ అంచుల దగ్గర పరీక్షించేది. మధ్యలో అన్నీ బాగానే నడుస్తయి, అంచు కాడనే విరుగుతయి అనేది. ఇడ్లీ కూడా అంచు నుంచే తినేది. బరువు గడిని ఖాళీగా వదిలేసి చూసింది. యాప్ ఆగిపోవాలి, లేదా బరువు అడగాలి. అది పెద్దవాళ్ళ మోతాదు చూపించింది. ఆమె తన మూడు గడులు నింపి ఇచ్చింది. విడుదల తేదీ దగ్గర పడింది, తర్వాత దిద్దుకుందాం, పరీక్షించాం సరిగా ఉంది అని సంతకం పెట్టమన్నారు. పెట్టనంది. మూడు వారాల తర్వాత హెచ్.ఆర్. మేనేజరు పిలిచి, సంతకం పెట్టు, లేదంటే వెళ్ళిపో అన్నాడు. ఆమె బ్యాగు సర్దుకుని, కారణం రాసిచ్చి వచ్చేసింది.

రెండేళ్ళ బాండుకు ఇంకా నాలుగు నెలలు ఉంది. నెల తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. మీకు ఇచ్చిన శిక్షణ ఖర్చు నాలుగు లక్షలకు మీరిచ్చిన చెక్కు బ్యాంకులో చెల్లలేదు, పదిహేను రోజుల్లో కట్టండి, లేకపోతే క్రిమినల్ కేసు.

ఆ కాగితం పట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చిన సాయంత్రం నాకింకా కళ్ళ ముందుంది. కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. చేరిన రోజు అందరితో పాటు ఖాళీ చెక్కు ఇచ్చానని చెప్పింది.

"అంకె లేని చెక్కు సార్. తారీఖు లేదు. దాని మీద సంతకం పెట్టిన. లిఫ్టును నమ్మని దాన్ని, గా చెక్కును నమ్మిన" అంది.

ఏడవలేదు. తనలో తప్పు దొరికిన టెస్టర్ ముఖం అది. నేను అలవాటుగా మండిపడ్డాను. అప్పుకు జైలా, ఇది ఏ కాలం, రాజ్యాంగం ఒప్పుకోదు అన్నాను. ఆమె నన్ను ఆపింది. రాజ్యాంగంలో ఎక్కడుందో చూపించమంది. నేను పుస్తకం తీశాను. రెండు గంటలు వెతికాం. అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో పెట్టకూడదని సూటిగా రాసిన వాక్యం దొరకలేదు. నా పరువు ఆ రాత్రి భోజనంతో పాటే చల్లారింది.

మర్నాడు నాకు తెలిసిన ఒక లాయరుగారి దగ్గరికి వెళ్ళాం. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ, నెమ్మదిగా మాట్లాడే మనిషి ఆవిడ. నా ఆవేశం అంతా విని, మీరన్నది సభలో బాగుంటుందండీ, కోర్టులో నిలవదండీ అన్నారు. ఈ చట్టం అప్పుకు శిక్ష వేయదు, చెక్కు మీద జనానికుండే నమ్మకాన్ని చెడగొట్టినందుకు వేస్తుంది. రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. పైగా సంతకం నాదేనని ఒప్పుకుంటే చాలు, ఆ చెక్కు నిజమైన బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగానే అనుకుంటుంది. అంకె ఎవరు వేశారన్నది పెద్ద విషయం కాదు.

అంటే నేను దోషినని మొదలుపెడతరా అని ఆమె అడిగింది. నిర్దోషిత్వం అనే మాట ఏమైంది అని నేను అందుకున్నాను.

అప్పుడు లాయరుగారు చెప్పిన మాటలు నేను నా డైరీలో రాసుకున్నాను. కోర్టు అలా అనుకోవడాన్ని రాజ్యాంగం ఎందుకు సహిస్తోందంటే, అది తలుపు మాత్రమే, గోడ కాదు. నెట్టడానికి నిందితుడికి అవకాశం ఉంది. నిస్సందేహంగా నిరూపించనక్కర్లేదు, నా మాటే నిజమై ఉండొచ్చని చూపిస్తే చాలు. అందుకు నిందితుడు బోను ఎక్కి సాక్ష్యం చెప్పాల్సిన పని కూడా లేదు, తనకు వ్యతిరేకంగా తనను మాట్లాడించే హక్కు ఎవరికీ లేదు. అవతలివాళ్ళ సాక్షినే ప్రశ్నించి, వాళ్ళ కాగితాల్లోంచే బాకీ లేదని తేల్చవచ్చు. బాకీ లేదని తేలిందా, ఆ చెక్కు ఎంత చెల్లకపోయినా నేరం కాదు.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "గంతే కదా మేడమ్. తలుపు ఎక్కడ తెరుచుకుంటదో చూడాలె" అంది. నోటీసుకు జవాబు ఆ రాత్రే రాసింది. మూడు గడులు. జరిగింది, జరగాల్సింది, మీరు రాసింది. లాయరుగారు నవ్వి, ఒక్క అక్షరం మార్చకుండా పంపించారు.

కేసు కూకట్‌పల్లి కోర్టులో నడిచింది. వాయిదాకు పిలిచినప్పుడల్లా ఆమె తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చునేది, టిఫిన్ డబ్బాతో, ఒక నోటు పుస్తకంతో. అక్కడ చెక్కు కేసుల వాళ్ళే ఒక బజారంత ఉండేవాళ్ళు. ఫర్నిచర్ అమ్మేవాళ్ళు, క్యాబ్ యజమానులు, చీటీలు వేసినవాళ్ళు. అందరినీ పలకరించి ఆమె ఒకే ప్రశ్న వేసేది, చెక్కు ఇచ్చిన నాడు అంకె ఉన్నదా అని. లేదన్నవాళ్ళ పేరు పక్కన చుక్క పెట్టేది.

కోర్టు రాజీ కోసం లోక్ అదాలత్‌కు పంపింది. నన్ను ఇప్పటికీ సిగ్గుపడేలా చేసే రోజు అది. మేనేజరు వచ్చి చాలా మర్యాదగా, మీరేమీ కట్టక్కర్లేదు మేడమ్, కేసు మేమే వెనక్కి తీసుకుంటాం, మీ చెక్కు మీకిచ్చేస్తాం, మీరు కూడా కంపెనీ మీద ఏ ఆరోపణా లేదని ఒక సంతకం పెట్టండి అన్నాడు. ఆమెకు బాచుపల్లిలో ఒక కళాశాల ఉద్యోగం ఇస్తానంది, క్రిమినల్ కేసు తేలాకే. నేను ఆమెను పక్కకు తీసుకెళ్ళి ఒప్పుకోమన్నాను. వేదిక మీద నిప్పులు కురిపించే వాణ్ణి, ఓడితే జైలమ్మా అని గొణిగాను.

ఆమె మేనేజరు దగ్గరికి తిరిగి వెళ్ళి అడిగింది. "మిగతా పన్నెండు?"

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"నా కింద పనిచేసిన పిల్లలు పన్నెండు మంది ఉన్నరు. ఆళ్ళ చెక్కులు మీ బీరువాల ఉన్నయి. అవి ఇస్తరా?"

అది వేరే విషయం మేడమ్ అన్నాడు ఆయన. కాదు, గదే విషయం అంది ఆమె. సంతకం పెట్టలేదు. ఆటోలో వస్తూ నాకు చెప్పింది. ఆమె సంతకం పెట్టనన్న తర్వాత ఆ యాప్ కాగితాన్ని ఆ పన్నెండు మందిలో ఒక అమ్మాయి ముందు పెట్టారట. అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది, అక్కా, నా చెక్కు వాళ్ళ దగ్గరుంది, పెట్టనంటే నన్నూ కోర్టుకీడుస్తారు అని.

ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పాలి. చెక్కు బాకీ తీర్చడానికి. అది వస్తువు కొన్నవాడు డబ్బు ఎగ్గొట్టకుండా కాపాడాలి. అదే చెక్కును ఒక మనిషిని కుర్చీకి కట్టడానికి వాడితే, వెళ్ళిపోతే జైలు అని బెదిరించి పని చేయిస్తే, దానికి రాజ్యాంగంలో పేరుంది. ఇరవై మూడో అధికరణం దాన్ని వెట్టి అంటుంది, నిషేధిస్తుంది. గాజు మేడలో ఏసీ కింద కూర్చోబెట్టినంత మాత్రాన వెట్టి ఉద్యోగం అయిపోదు. ఆ రాత్రి నేను పుస్తకంలో తప్పు చోట వెతికాను. అప్పుకు జైలు అన్న మాట కోసం వెతికాను. వెతకాల్సింది పని మానితే జైలు అన్న మాట.

సాక్ష్యం రోజు వచ్చింది. కంపెనీ తరఫున మేనేజరు బోనెక్కాడు. ఆమెకు కంపెనీ మూడు నెలలు శిక్షణ ఇచ్చిందని, ఆ ఖర్చే నాలుగు లక్షలని చెప్పాడు. రుజువుగా శిక్షణ రిజిస్టరు దాఖలు చేశాడు. మొదటి వరసలోనే ఆమె పేరు, పక్కన హాజరు. చెక్కు మీద సంతకం ఆమెదేనని నొక్కి మరీ చెప్పాడు.

రిజిస్టరు నకలు అందాక మళ్ళీ వాయిదా పడింది. ఆ పది రోజుల్లో ఆమె లాయరుగారికి నలభై ఒక్క ప్రశ్నలు రాసిచ్చింది. ఆవిడ వాటిని తొమ్మిదికి కుదించారు. నేను అడిగితే, ఫికర్ చేయకుర్రి సార్, పేజీ అడుగు వరకు చదవాలె అంతే అంది తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఆ రోజు కోర్టు హాలు వెనక గోడకు పన్నెండు మందీ వరసగా నిలబడ్డారు. మెడలో కంపెనీ గుర్తింపు కార్డుల పట్టీలు తీయలేదు. పట్టీలతోనే వచ్చారు. మేనేజరు వాళ్ళను చూశాడు, వాళ్ళూ ఆయన్ని చూశారు.

లాయరుగారు తొందరపడలేదు. ఈ రిజిస్టరు మీ కంపెనీదేనా అండీ. అవును. ప్రతి రోజు పేజీ కింద శిక్షణ ఇచ్చినవారి సంతకం ఉంది, చూశారా. చూశాను. మూడు నెలలూ ఒకరే ఇచ్చారా. అవును, ఒకరే. ఆ సంతకం ఎవరిది.

మేనేజరు పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. గుర్తులేదన్నాడు.

"మీరే కదండీ, పోయిన వాయిదాలో చెక్కు మీద ఈ సంతకం ముద్దాయిదేనని ప్రమాణం చేసి చెప్పింది" అన్నారు లాయరుగారు. "ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

మేజిస్ట్రేటు రిజిస్టరు తెప్పించుకున్నారు. చెక్కు పక్కన పెట్టారు. కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. అదే సంతకం. మొదటి అక్షరం మీద అదే వంకర గీత. ఎవరి శిక్షణకు నాలుగు లక్షలు ఖర్చయిందన్నారో, ఆ శిక్షణ ఇచ్చింది ఆమే. నేర్పింది ఆమె, నేర్చుకుంది వెనక గోడకు ఆనుకున్న ఆ పన్నెండు మంది. హాజరు పట్టీలో అందరి పేర్లతో పాటు ఆమె పేరునూ ఎక్కించి, కింద ఏముందో చదవకుండా తెచ్చి కోర్టుకిచ్చారు.

పాఠం చెప్పినందుకు విద్యార్థి ఫీజు కట్టాలా అండీ అని లాయరుగారు ఆఖరి ప్రశ్న వేశారు. వెనక నుంచి ఎవరో పక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. మేజిస్ట్రేటు తలెత్తారు గాని మందలించలేదు.

తీర్పు రోజు ఆమె అరచేతి మీద మూడు కొత్త గీతలున్నాయి. శిక్షణ ఖర్చన్నది కంపెనీ సొంత రికార్డే అబద్ధమని చెబుతోందని, చట్టం గుర్తించే బాకీ ఏదీ లేదని, ఉద్యోగం మానకుండా పట్టి ఉంచడానికి తీసుకున్న చెక్కు బాకీ తీర్చడానికి ఇచ్చిన చెక్కు కాదని మేజిస్ట్రేటు చదివారు. కేసు కొట్టేశారు. యాప్ గురించి ఆమె రాసిచ్చిన కాగితం కూడా కేసు కట్టలో ఉంది కాబట్టి దాని ప్రస్తావనా తీర్పులో వచ్చింది. ఆ వారమే ఆ యాప్‌లో బరువు గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలకుండా దిద్దారని తర్వాత తెలిసింది.

బయట మెట్ల మీద నేను పెద్దగా ఏదో మాట్లాడబోయాను. న్యాయం గెలిచింది, రాజ్యాంగం గెలిచింది లాంటివి. ఆమె నా మాట సగంలో ఆపి, జర ఆగుర్రి సార్, ఇంకొక్కటి మిగిలింది అని పన్నెండు మందినీ వెంటేసుకుని అదే మధ్యాహ్నం మాదాపూర్ వెళ్ళింది. తీర్పు నకలు ఇంకా చేతికి రాలేదు. తీర్పు విన్న లాయరుగారు మాత్రం పక్కనున్నారు. కంపెనీ లోపల ఏం జరిగిందో నేను చూడలేదు, కింద చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. గంటన్నర తర్వాత వాళ్ళు దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చెక్కు. ఈ తీర్పు తర్వాత అవి దాచుకున్నా కోర్టులో నిలవవని లాయరుగారు వాళ్ళకు చెప్పారట. ఎవరూ చించకూడదని ఆమె ముందే చెప్పిందట. నంబరు సరిచూసుకోమంది, సంతకం తనదేనా అని చూసుకోమంది, అప్పుడు రెండు గీతలు అడ్డంగా కొట్టి మధ్యలో రద్దు అని రాయించింది. చాయ్ బండి చెక్క మీద వరసగా పెట్టుకుని, ఒకే పెన్నుతో, పన్నెండు మందీ రాశారు. చాయ్ పోసేవాడు అదేదో పండగ అనుకుని ఏలకులు ఎక్కువేశాడు.

ఆ తర్వాతి సోమవారం ఆ పన్నెండు మందిలో ఏడుగురు రాజీనామా ఇచ్చారు. మిగిలిన ఐదుగురు ఉదయం తొమ్మిదింటికి వెళ్ళి పనిలో కూర్చున్నారు, తమకు ఇష్టమై.